ఆ పొడిలో ఏముందో చెప్పకుండా ‘అందరూ వేసుకోవచ్చు’ అంటే ఎట్లా?

ఆ మెసేజ్ మళ్లీ వచ్చింది. ఈసారి పంపినవాడు నాతోపాటు పదో తరగతి చదివినవాడు, ఇప్పుడు బ్యాంకులో ఆఫీసరు. పైన రెండు బాణాల గుర్తు, అంటే ఎన్ని చేతులు మారి వచ్చిందో లెక్కే లేదు. "మగవాళ్ల సమస్య – సిగ్గుపడకుండా చదవండి, పది మందికి పంపండి" అని మొదలై ఏడు పాయింట్లు, చివర ఒక ఫోన్ నంబరు. పాలమూరు, నాగర్‌కర్నూల్, దేవరకొండ, మిర్యాలగూడ, ఎక్కడికైనా మగతనం పెంచే హెర్బల్ పొడిని పార్సిల్ పంపుతారట. నేను మహబూబ్‌నగర్‌లో మెడికల్ షాపు నడుపుతాను, ఫార్మసీ చదివాను. పంపిన ప్రతివాళ్లకూ విడివిడిగా జవాబు చెప్పి విసిగిపోయాను. ఇక నుంచి ఆ మెసేజ్ ఎవరు పంపినా తిరిగి ఇదే పంపుతాను.

మొదటి పాయింట్: "మెడికల్ షాపు గోలీలు వట్టి కెమికల్. ఒక్కసారి వేసుకుంటే జీవితాంతం అలవాటు. గుండె ఆగిపోతుంది."

ఆ గోలీల్లో ఉండేది సిల్డెనాఫిల్, వయాగ్రాలో ఉండే మందు. దాని మీద పరిశోధన మొదలైందే గుండె జబ్బు కోసం. ఫైజర్ కంపెనీవాళ్లు ఇంగ్లండ్‌లో ఛాతీ నొప్పికి మందు వెతుకుతూ పరీక్షలు చేస్తే, దానికి పెద్దగా పనికిరాలేదు గానీ స్తంభనకు సాయపడే గుణం బయటపడింది. 1998 మార్చిలో అమెరికాలో అనుమతి వచ్చింది. ఒంటికి వ్యసనంగా పట్టే మందు కాదిది. రక్తనాళాలను వదులు చేసి రక్తం పారేలా చేస్తుంది, నాలుగైదు గంటలకు ప్రభావం దిగిపోతుంది. కోరిక లేకపోతే అసలు పనే చెయ్యదు. అవసరం లేని కుర్రాడు సరదాకు మొదలుపెడితే మాత్రం, గోలి లేకుండా తనవల్ల కాదనే భయం పట్టుకుంటుంది. దానికి మందును తిట్టి లాభం లేదు, ఆ కుర్రాడికి మొదటి గోలి ఇచ్చిన స్నేహితుణ్ని తిట్టాలి.

ఇక గుండె. ఇక్కడ భయపడాల్సిన సంగతి నిజంగానే ఒకటుంది. దాన్ని ఆ మెసేజ్ ఎక్కడా చెప్పలేదు. చెప్పకపోగా రెండో పాయింట్ ఇట్లా రాసింది: "మాది పూర్తిగా హెర్బల్. బీపీ, షుగర్, గుండె జబ్బు ఉన్నవాళ్లు కూడా నిశ్చింతగా వాడొచ్చు. ఏ గోలీలతోనైనా వేసుకోవచ్చు."

మిగతా ఆరు పాయింట్లూ వదిలేసినా ఈ ఒక్కదాన్ని నేను వదలను. మనుషులు చచ్చిపోయేది దీనివల్లే.

గుండె జబ్బు ఉన్నవాళ్లకు డాక్టర్లు నైట్రేట్ రకం మందులు రాస్తారు. ఐసోసార్బైడ్ అని చీటీలో ఉంటుంది. నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ కూడా అదే. అవీ రక్తనాళాలను వదులు చేస్తాయి, సిల్డెనాఫిల్ కూడా ఆ పనే చేస్తుంది. రెండూ ఒంట్లో కలిస్తే బీపీ ఒక్కసారిగా పాతాళానికి పడిపోతుంది. మెదడుకు, గుండెకు రక్తం అందదు. అందుకే నైట్రేట్లు వాడేవాళ్లకు ఈ గోలీలు పూర్తిగా నిషిద్ధం. "తక్కువ డోసు వేసుకుంటా", "పొద్దున అది, రాత్రి ఇది" అనే బేరాలు లేవు.

ఇప్పుడు ఈ మెసేజ్ ఎవరికోసం రాశారో ఆలోచించండి. డాక్టరు "నీకు ఈ గోలీలు కుదరవు" అని చెప్పి పంపిన మనిషి కోసం. అతనికి దారి మూసుకుపోయింది. అప్పుడు ఫోన్‌లో "హెర్బల్, గుండె జబ్బు ఉన్నా పర్వాలేదు" అని కనబడుతుంది. తప్పకుండా ఆర్డరు పెడతాడు.

మా షాపుకు ఒక కాక వచ్చాడు. ఒక చేతిలో గుండె మందుల చీటీ, ఇంకో చేతిలో చిన్న ప్లాస్టిక్ డబ్బా. డబ్బా మీద గుర్రం బొమ్మ, ఆయుర్వేదం అని పెద్ద అక్షరాలు. తయారీ లైసెన్స్ నంబరు లేదు, బ్యాచ్ నంబరు లేదు, కంపెనీ అడ్రసు లేదు. "ఆకుల మందే గద సారూ, గుండె గోలీలతోని కలిస్తే ఏమైతది?" అన్నాడు. వేసుకున్నాక ఎట్లుంటది కాకా అని అడిగాను. "గంట సేపటికి ముఖమంతా వేడెక్కుతది. తల పగిలినట్టైతది. ముక్కు బందైతది. కానీ పని చేస్తది సారూ."

ముఖం ఎర్రబడి వేడెక్కడం, తలనొప్పి, ముక్కు మూసుకుపోవడం – సిల్డెనాఫిల్ పాకెట్‌లోని కరపత్రంలో రాసి ఉండే దుష్ఫలితాలే ఇవి. ఆకు పసరు గంటలో ఇంత పక్కాగా ఈ మూడూ కలిపి తేవడం నేనెక్కడా చదవలేదు. హెర్బల్ అని అమ్మే ఇటువంటి పొడుల్లో, క్యాప్సూళ్లలో లేబుల్ మీద లేని సిల్డెనాఫిల్, అదే రకం మందైన టడలాఫిల్ దొరకడం కొత్త సంగతేమీ కాదు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఇట్లాంటివాటి మీద ఏళ్ల తరబడి హెచ్చరికలు ఇస్తూనే ఉంది.

ఇందులో అసలు ఘోరం తర్వాత జరుగుతుంది. రాత్రి ఛాతీలో నొప్పి వస్తే ఇంట్లోవాళ్లు దవాఖానకు తీసుకుపోతారు. డ్యూటీ డాక్టరు పద్ధతి ప్రకారమే అడుగుతాడు, ఈ గోలీలు ఏమన్నా వేసుకున్నావా అని. అతను నిజాయితీగానే లేదంటాడు, ఎందుకంటే తను మింగింది చూర్ణం అనే నమ్మకం. డాక్టరు నైట్రేట్ ఇస్తాడు. ఇక్కడ డాక్టరు తప్పు లేదు, ఆ మనిషి తప్పూ లేదు. సిల్డెనాఫిల్ వేసుకున్నాడని తెలిస్తే 24 గంటలు నైట్రేట్ ఇవ్వరు. టడలాఫిల్ అయితే 48 గంటలు. డబ్బాలో ఏముందో ఎవరికీ తెలియనప్పుడు ఏ గడియారం చూడాలి?

ఇదే గ్రూపులో మొన్న ఇంకో మెసేజ్ తిరిగింది: "ఛాతీ నొప్పి వస్తే వెంటనే నాలుక కింద సార్బిట్రేట్ పెట్టుకోండి, ప్రతి జేబులో ఉండాలి" అని. ఈ రెండు మెసేజ్‌లనూ ఒకే మనిషి నమ్మితే ఏమవుతుందో పంపినవాళ్లలో ఒక్కరన్నా ఆలోచించారా? గోలి గానీ పొడి గానీ వేసుకున్నాక ఛాతీ నొప్పి వస్తే నాలుక కింద ఏమీ పెట్టొద్దు. 108కి ఫోన్ చెయ్యాలి, వచ్చినవాళ్లకు ఏం వేసుకున్నాడో, ఎన్ని గంటలకు వేసుకున్నాడో చెప్పాలి, డబ్బా చేతికివ్వాలి. మనిషి స్పృహలో లేకపోతే ఆ మాట చెప్పాల్సింది ఇంటావిడే. కాబట్టి ఆమెకు తెలిసి ఉండాలి. సిగ్గు అంటారా? ఆమె దగ్గర కూడానా?

ఇట్లాంటి సరుకులో ఇంకా ఏమేం కలుస్తాయో 2008లో సింగపూర్ చూసింది. షుగర్ జబ్బు లేనివాళ్లు ఒకరి వెనుక ఒకరు షుగర్ పడిపోయి ఆసుపత్రుల్లో చేరారు. ఆరా తీస్తే నకిలీ మగతనం గోలీలు, హెర్బల్ క్యాప్సూళ్లు. వాటిలో గ్లిబెన్‌క్లమైడ్ ఉంది. మన ఇళ్లలో పెద్దవాళ్లు షుగర్‌కు వేసుకునే మందే. అయిదు నెలల్లో దాదాపు 150 మంది ఆసుపత్రి పాలయ్యారు, నలుగురు చనిపోయారు. వేసుకుని నిద్రపోయిన మనిషికి షుగర్ పడిపోతే నిద్రలోనే స్పృహ తప్పుతుంది. పక్కనున్నవాళ్లు గాఢనిద్ర అనుకుంటారు.

నేను ఆయుర్వేదాన్ని తిట్టడం లేదు. మా నాయన వైద్యుడి దగ్గరే మందు వాడాడు. ఆయుర్వేద మందు తయారు చేయాలన్నా లైసెన్స్ ఉండాలి, లేబుల్ మీద ఆ నంబరు ఉండాలి. అంతేకాదు, లైంగిక శక్తి పెంచుతామని మందుకు ప్రకటన ఇవ్వడమే 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. ప్రచురణలో ఏ రూపంలోనూ పాలుపంచుకోవద్దని ఆ చట్టంలో ఉంది. బ్యాంకు ఆఫీసరు గారూ, వింటున్నారా?

మూడో పాయింట్: "గోలిని నీళ్లలో వెయ్యండి. మునిగితే అసలు, తేలితే నకిలీ." సుద్దముక్క కూడా మునుగుతుంది. అంతకన్నా దీనికి జవాబు అక్కరలేదు.

నాలుగోది: "ఒకటి పని చెయ్యకపోతే రెండు వేసుకోండి." వద్దు. సిల్డెనాఫిల్ మామూలుగా 50 మిల్లీగ్రాములతో మొదలవుతుంది. రోజుకు ఒక్కసారే, ఎంత ఎక్కువైనా 100 దాటొద్దు. అరవై అయిదు దాటినవాళ్లకు, లివర్, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకు 25తోనే మొదలుపెడతారు. కడుపునిండా బిర్యానీ తిని వేసుకుంటే ఆలస్యంగా ఎక్కుతుంది, పని చెయ్యలేదనుకుని రెండోది మింగుతారు, తర్వాత రెండూ కలిసి ఎక్కుతాయి. టడలాఫిల్ 36 గంటల దాకా ఒంట్లో పని చేస్తూనే ఉంటుంది కాబట్టి దాని మీద ఇంకోటి వేసుకోవద్దు. ప్రోస్టేట్‌కు టామ్సులోసిన్ వాడే పెద్దమనుషులు ముందే డాక్టరుకు చెప్పాలి, దానితో కూడా బీపీ పడుతుంది. స్తంభన నాలుగు గంటలు దాటి తగ్గకపోతే గొప్పలు చెప్పుకునే విషయం కాదు, వెంటనే దవాఖానకు పోవాలి, లేకపోతే అంగం శాశ్వతంగా దెబ్బతింటుంది. ఉన్నట్టుండి చూపు గానీ వినికిడి గానీ పోయినా అంతే.

అయిదోది: "కల్లుతో వేసుకుంటే తొందరగా పని చేస్తుంది." ఏ కల్లు? చెట్టు కల్లా, దుకాణం కల్లా? మన జిల్లాల్లో కల్తీ కల్లులో ఆల్ప్రజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారని పాలమూరులో చిన్నపిల్లాడికీ తెలుసు. కల్లు బంద్ అయిన రోజుల్లో మనుషులు వణుకుతూ, పిచ్చిగా మాట్లాడుతూ దవాఖానకు రావడం చూసిన ఊళ్లు మనవి. మత్తు మందు మీద బీపీ తగ్గించే మందు వేస్తారా? పైగా మద్యం ఎక్కువైతే ఆ సామర్థ్యమే తగ్గుతుంది. ఏ జబ్బుకు మందు వేసుకుంటున్నారో ఆ జబ్బునే తాగుతున్నారు.

ఆరో పాయింట్: "జడ్చర్ల ఫార్మా కంపెనీల ఎక్స్‌పోర్ట్ మాల్, డైరెక్ట్‌గా బయటికి వచ్చింది, సగం రేటుకే."

ఆ ఫార్మా కంపెనీలున్న పోలేపల్లి సెజ్ మన పక్కనే ఉంది, అక్కడ మన పిల్లలే పని చేస్తున్నారు, అందుకే ఈ మాట ఇక్కడ అంత తేలిగ్గా అతుకుతుంది. ఏ కంపెనీ కూడా మనిషి చేతికి వాట్సాప్‌లో సరుకు అమ్మదు. చౌటుప్పల్ వైపు ఉన్న చాలా ఫ్యాక్టరీల్లో తయారయ్యేది ముడి మందు, డ్రమ్ముల్లో పోయే తెల్ల పొడి. నిజంగానే ఎవడో దాన్ని దొంగతనంగా తెచ్చాడనుకుందాం. 50 మిల్లీగ్రాములు అంటే గోరు చివర పట్టేంత. చెంచాతో కొలిచి క్యాప్సూల్ నింపేవాడు ఒకదాంట్లో ఎంత పోశాడో, ఇంకోదాంట్లో ఎంత పోశాడో వాడికే తెలియదు.

ముంబై నుంచి పండక్కి వచ్చిన మేస్త్రీ ఒకాయన అక్కడ ఫుట్‌పాత్ మీద కొన్న స్ట్రిప్ చూపించాడు. బ్యాచ్ నంబరు బొటనవేలితో రుద్దితే అంటుకుని వచ్చింది. డబ్బా మీద ఒక నంబరు, స్ట్రిప్ మీద ఇంకొకటి. డాక్టరు చీటీ మీదే అమ్మాలనే షెడ్యూల్ హెచ్ హెచ్చరిక లేదు. ఇవి చూడటం ఎవరికైనా చేతనవుతుంది. అయితే అన్నీ సరిగ్గా ఉన్నా అది అసలుదని చెప్పలేం, అచ్చు వేయించడం పెద్ద పనేమీ కాదు. 2023 ఆగస్టు నుంచి ఎక్కువగా అమ్ముడయ్యే 300 బ్రాండ్లకు క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు, అన్ని మందులకూ కాదు. కోడ్ లేనంత మాత్రాన నకిలీ కాదు. లైసెన్స్ ఉన్న షాపులో చీటీ చూపించి, బ్యాచ్ నంబరు వేసిన బిల్లు తీసుకోవడమే గట్టి ఆధారం. రేపు తేడా వస్తే ఆ బిల్లు పట్టుకుని అడగొచ్చు. ఫోన్ నంబరును ఏమడుగుతారు?

ఇక్కడ ఆ మెసేజ్‌లో ఒక మాట మాత్రం నిజం: "రేటు తక్కువని అనుమానపడకండి." అవును, పడొద్దు. సిల్డెనాఫిల్ మన దేశంలో ఎన్నో కంపెనీలు చేస్తున్నాయి, 2005కు ముందు మన పేటెంటు చట్టం మందుల తయారీ పద్ధతికే తప్ప మందుకు హక్కు ఇవ్వలేదు కాబట్టి పోటీ ఎప్పుడో మొదలైంది. జెనరిక్ గోలి తక్కువ ధరకే దొరుకుతుంది, అదీ అసలైన మందే. మరి మందుల దుకాణంలో బిల్లుతో అంత చవకగా దొరికేదానికి ఫోన్‌లో దొంగమాల్ ఎందుకు?

ఏడోది, చివరిది: "డాక్టర్లు దీని గురించి అడగరు, చెప్పినా వినరు. పోతే పరువు పోవడమే." దీన్ని కొట్టిపారేద్దామనే కూర్చున్నాను. కానీ కాదనలేను. ఓపీలో వెనక పదిమంది నిలబడి ఉంటారు, అందులో సొంతూరి ఆడవాళ్లు ఉంటారు. బీపీ చూస్తారు, షుగర్ చూస్తారు, గోలీలు ఇస్తారు, ఈ ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. షుగర్ ఉన్న మగవాళ్లలో ఈ ఇబ్బంది ఎంతమందికో ఉంటుంది, అయినా అడగరు. ఆ మెసేజ్ ఇంతమందికి నచ్చిందంటే, వాళ్లతో ఈ విషయం మాట్లాడింది అదొక్కటే కాబట్టి.

అయినా పోవాలి. అంగానికి రక్తం తెచ్చే నాళాలు గుండె నాళాల కన్నా సన్నవి. కొవ్వు పేరుకుంటే ముందు మూసుకుపోయేవి అవే. కొన్నేళ్ల తర్వాత రాబోయే గుండెపోటుకు ఇది ముందస్తు కబురు కావచ్చు. నలభై అయిదేళ్ల మనిషి రహస్యంగా పొడి తెప్పించుకుంటే ఆ కబురు అందినట్టే అంది పోతుంది. బీపీ గోలీల్లో కొన్నింటివల్ల కూడా ఈ ఇబ్బంది వస్తుంది, అడిగితే డాక్టరు మారుస్తాడు. సొంతంగా బీపీ గోలి మానెయ్యడం మాత్రం వద్దు. నోటితో చెప్పలేకపోతే ఒక కాగితం మీద రాసి, వాడే మందులన్నిటి చీటీలతో కలిపి డాక్టరు ముందు పెట్టండి. మహబూబ్‌నగర్, నల్లగొండ, సూర్యాపేట, మూడుచోట్లా ప్రభుత్వ మెడికల్ కాలేజీ దవాఖానలు ఉన్నాయి.

ఆ పొడి ఇప్పటికే తెప్పించుకున్నవాళ్లు పారెయ్యకండి. డబ్బా, పార్సిల్ కవరు, పైసలు పంపిన రసీదు, మెసేజ్ స్క్రీన్‌షాట్ దగ్గర పెట్టుకుని తెలంగాణ డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్ టోల్ ఫ్రీ నంబరు 1800-599-6969కు ఫోన్ చెయ్యండి. పనిదినాల్లో ఎత్తుతారు.