వీడియో గేములను మత్స్య శాఖకు అప్పగించాలి

వీడియో గేముల పరిశ్రమను ఏ శాఖ కింద పెట్టాలో తేల్చుకోలేక కేంద్ర ప్రభుత్వం పడుతున్న అవస్థను కొంతకాలంగా బాధతో గమనిస్తున్నాను. 2022 డిసెంబరులో ఆన్‌లైన్ గేమింగ్‌ను ఐటీ శాఖకు, ఈ-స్పోర్ట్స్‌ను క్రీడల శాఖకు ఇచ్చారు. ఆటల్లోకి బొమ్మలు చేసే నాలాంటివాళ్ల యోగక్షేమాలను యానిమేషన్‌తో కలిపి సమాచార, ప్రసార శాఖ చూస్తుంది. అంటే ఆట ఆడించేవాడు ఒక మంత్రి కిందికి, పోటీలో ఆడేవాడు ఇంకో మంత్రి కిందికి, అందులో ఎద్దు బొమ్మ చేసినవాడు మూడో మంత్రి కిందికి వస్తారు. ఆ ఎద్దును చేసింది నేనే. పదమూడేళ్ల అనుభవంతో చెబుతున్నాను, ఈ ముగ్గురివల్లా మా రంగం బాగుపడదు. దీన్ని తక్షణం మత్స్య శాఖకు బదిలీ చేయాలి.

నవ్వకండి. ఉన్నచోటనే ఉండి బదిలీ అయిపోవడం మాకు అలవాటే. మాది ఉలవపాడు మండలం. 2022 ఏప్రిల్ 3 రాత్రి ప్రకాశం జిల్లాలో పడుకున్నాం, 4 పొద్దున నెల్లూరు జిల్లాలో లేచాం. మామిడికాయ రుచేమీ మారలేదు.

మత్స్య శాఖ ఆలోచన మా బాబాయి చలవ. ఆయన రొయ్యల రైతు. వనామీ రకం రొయ్య రాకముందు, టైగర్ రొయ్య కాలం నుంచీ ఇదే పని. మూడుసార్లు లక్షాధికారి అయ్యాడు, నాలుగుసార్లు అప్పులపాలయ్యాడు. మొన్న సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు రాత్రి మూడింటికి చెరువు గట్టు మీద షెడ్డులో నేను లాప్‌టాప్ ముందు కూర్చుని ఉన్నాను. మా క్లయింటు ఉండేది అమెరికా పడమటి తీరంలో. ఆయనకు మధ్యాహ్నం భోజనం అరిగాక గుర్తొచ్చే సందేహాలన్నీ మనకు మూడో జాములో వస్తాయి. బాబాయి టార్చి లైటు పట్టుకుని, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదో చూసుకుంటూ అటొచ్చాడు. తెల్లవారుజామున నీళ్లలో ప్రాణవాయువు బాగా తగ్గుతుంది. ఆ వేళ కరెంటు పోయి, జనరేటర్ లేచేలోపు అరగంట ఆలస్యమైతే పంట మొత్తం తేలిపోతుంది.

నన్ను చూసి ఆగాడు. "ఏందబ్బాయ్, నిద్ర పోలా? నీ దాంట్లో గూడా ఆక్సిజన్ పడిపోయిందా?"

ఇన్నేళ్లలో మా మేనేజర్లెవరూ నా పనిని ఇంత సరిగ్గా అర్థం చేసుకోలేదు.

ఆ రాత్రి నుంచి పోలికలు వెతుకుతున్నాను. వెతకాల్సిన పని కూడా లేకుండా దొరుకుతున్నాయి. రొయ్య ఇక్కడ పెరుగుతుంది, ధర అక్కడ తేలుతుంది. బొమ్మ ఇక్కడ తయారవుతుంది, బాగుందో లేదో అక్కడ తేలుస్తారు. అమెరికా హోటల్లో రొయ్య తినేవాడికి అది ఏ చెరువుదో తెలియదు. ఆట చివర గంటసేపు పేర్లు పైకి పాకుతాయి కదా, అందులో మా కంపెనీ పేరు ఒక వరసలో వస్తుంది, నా పేరు రాదు. ఏ ఆటకు పనిచేశానో బయటికి చెప్పకూడదని కాగితం మీద సంతకం కూడా పెట్టాను. ఈ వ్యాసంలో ఆట పేరు కనపడకపోవడానికి అదే కారణం, భయం అని మీరు అనుకున్నా నాకు అభ్యంతరం లేదు.

వైరస్‌ల విషయంలోనూ మనది సమాన చరిత్రే. 1990లలో తెల్లమచ్చ జబ్బు వచ్చి నెల్లూరు తీరంలో చెరువులకు చెరువులు ఖాళీ అయ్యాయి. అంతకు దశాబ్దం ముందే, 1983లో, అమెరికాలో ఆటల మార్కెట్‌కు అలాంటిదే తగిలింది. అటారీ అనే కంపెనీ అమ్ముడుపోని క్యాసెట్లను లారీలకెత్తి, న్యూ మెక్సికో రాష్ట్రంలో అలమొగోర్డో అనే ఊరి చెత్త దిబ్బలో పూడ్చిపెట్టింది. 2014లో తవ్వితే ఆ క్యాసెట్లు మళ్లీ బయటపడ్డాయి. ఈ సంగతి చెప్పినప్పుడు బాబాయికి ఒకే ఒక్క అనుమానం వచ్చింది.

"పూడ్చేటప్పుడు బ్లీచింగ్ జల్లలేదా?"

"పైన సిమెంటు పోశారు బాబాయ్."

"అయితే తెలిసినోళ్లే" అన్నాడు.

2023 అక్టోబరులో మైక్రోసాఫ్ట్, ఆటలు తయారుచేసే ఆక్టివిజన్ బ్లిజార్డ్‌ను దాదాపు 6,900 కోట్ల డాలర్లకు కొనడం ముగించింది. మూడు నెలలు తిరిగేసరికి, 2024 జనవరిలో, ఆటల విభాగంలో 1,900 మందిని తీసేస్తున్నట్టు ప్రకటించింది. మరుసటి నెల సోనీ తన వంతుగా 900 మందిని అన్నది. బాబాయికి ఇది ఎంత చెప్పినా ఎక్కలేదు. చెరువు కొన్న మూడు నెలలకే కూలోళ్లను తీసేసేవాడు రొయ్యలు వెయ్యడానికి కొన్నట్టు కాదు, ప్లాట్లు వెయ్యడానికి కొన్నట్టు అని ఆయన తీర్పు. ఈ విషయంపై ఆర్థిక నిపుణులు రాసినవి చాలా చదివాను. ఇంతకన్నా తేలిగ్గా ఎవరూ చెప్పలేదు.

అమ్మ మాత్రం శాఖలతో సంబంధం లేకుండా తన ఏర్పాట్లు తాను చేసుకుంటోంది. మొహర్రానికి నెల్లూరు వెళ్లి, బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో దిగి ఉద్యోగం రొట్టె పట్టుకుంటుంది. కోరిక తీరినవాళ్లు మరుసటేడు వచ్చి రొట్టె ఇవ్వాలి. మా రంగంలో ఉద్యోగం వచ్చి, పోయి, మళ్లీ వెతుక్కునేసరికి ఏడాది అయిపోతుంది. అందుకని అమ్మ ఒకే రోజు ఒక చేత్తో ఇస్తుంది, ఇంకో చేత్తో పట్టుకుంటుంది.

ఇక కౌంట్. రొయ్యలు తెలియనివాళ్లకు: కిలోకు ఎన్ని తూగుతాయన్నదే కౌంట్. 30 కౌంట్ అంటే పెద్దవి, 100 కౌంట్ అంటే చిన్నవి. మాకూ కౌంటే ప్రాణం, పాలిగాన్ కౌంట్. తెరమీద మీకు కనిపించే ఏ జంతువైనా దగ్గరికెళ్లి చూస్తే చిన్న చిన్న త్రికోణాల మూట. సెకనుకు 60 బొమ్మలు పడాలి, అంటే ఒక్కో బొమ్మకు దక్కేది 16 మిల్లీసెకన్ల చిల్లర. ఆలోపు ఎద్దు అడుగు వెయ్యాలి, దాని నీడ పడాలి, గడ్డి ఊగాలి. త్రికోణాలు ఎక్కువైతే ఆట నత్తి పడుతుంది. అందుకే ప్రతి జీవికీ ఇన్నని కొలిచి ఇస్తారు. ఆటగాడికి ఎద్దు దూరమయ్యేకొద్దీ త్రికోణాలు తగ్గిస్తూ పోతాం. బాగా దూరమైతే అట్టముక్కే మిగులుతుంది. పైదేశాలకు వెళ్లిన మా బంధువుల ఫోన్లు ఇదే పద్ధతిలో నడుస్తాయి.

వ్యవసాయం చేసుకునే ఆట ఒకదానికి నాకు ఎద్దు పని వచ్చింది. 12 వేల త్రికోణాలు, ఆరు వారాల గడువు. మా ప్రాంతంలో పుట్టినవాడికి ఎద్దు చెయ్యమంటే ఏం చేస్తాడు? తెల్లటి ఒళ్లు, కాటుక పెట్టినట్టు కళ్లు, మోకాళ్ల దాకా ఊగే గంగడోలు, గుడి గోపురంలా మూపురం. బండలాగుడు పందేల వీడియోలు ముందు పెట్టుకుని, కాడి కింద మెడ ఎలా బిగుస్తుందో చూసి చూసి చేశాను. మూపురానికే వెయ్యి త్రికోణాలు పోశాను. నడుస్తుంటే అది ఒక పక్కకు కొద్దిగా ఒరగాలి. ఒరిగింది. ఆ రోజు ఎవరికీ చెప్పకుండా కిందికెళ్లి టీ తాగొచ్చాను.

మర్నాడు క్లయింటు దగ్గర్నుంచి సమాధానం వచ్చింది. బొమ్మ మీద ఎర్ర వలయం చుట్టి, "వీపు మీద గడ్డ ఉంది, శరీర నిర్మాణం తప్పు, తీసేయండి" అని రాశారు. మా లీడ్ మంచివాడే. "వాళ్ల ఎద్దులకు ఉండదు కదా బ్రో" అన్నాడు. తీసేశాను. మూపురం మీద ఆదా అయిన వెయ్యి త్రికోణాలను పశువుల కొట్టం తలుపు గడియకు వాడారు. చాలా అందమైన గడియ.

ఇక్కడ చిన్న చరిత్ర పాఠం చెప్పక తప్పదు. మన ఒంగోలు జాతి ఎద్దులు 19వ శతాబ్దంలోనే ఓడలెక్కి బ్రెజిల్ వెళ్లాయి. అక్కడ ఆ జాతిని నెలోర్ అంటారు, మన నెల్లూరే. ఆ దేశపు మాంసం పశువుల్లో సింహభాగం ఇవాళ ఆ సంతతే. వియాటినా-19 అనే నెలోర్ ఆవు విలువ 2023 వేలంలో 40 లక్షల డాలర్లు దాటింది, ప్రపంచంలోకెల్లా ఖరీదైన ఆవుగా గిన్నిస్ వాళ్లు రాసుకున్నారు. మా జిల్లా నుంచి పైదేశం వెళ్లి అంత ప్యాకేజీ తెచ్చుకున్నవాళ్లు నాకు తెలిసి ఇంకెవరూ లేరు. అదీ మూపురం తీయించుకోకుండా.

కాబట్టి నా ప్రతిపాదన మరీ అసంబద్ధమేమీ కాదు. ఢిల్లీలో 2019 నుంచి మత్స్య, పశుసంవర్ధక, పాడి పరిశ్రమల శాఖ అని ఒకటే ఉంది. రొయ్యా ఎద్దూ ఒకే కప్పు కింద. అక్కడ ఏ గుమస్తాకు నా ఎద్దును చూపించినా వీపు మీద గడ్డ అనడు.

ఐటీ శాఖతో ఉన్న చిక్కు వేరే. 2025 ఆగస్టులో డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది. టీవీలో కింద పట్టీ మీద 'గేములపై నిషేధం' అని మాత్రమే వచ్చింది. పెద్దమ్మ ఫోన్ చేసి, "ఒరేయ్, పోలీసులొచ్చేలోపు ఊరికొచ్చెయ్" అంది. రమ్మీ వేరు, ఎద్దు వేరు అని ఇరవై నిమిషాలు వివరించాను. అంతా విని, "సరే, ఆ ఎద్దు మీద డబ్బులు కాసేదెవరు?" అని అడిగింది. ఒంగోలు చుట్టుపక్కల పుట్టిన మనిషికి అది న్యాయమైన ప్రశ్నే. అదే నెల అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతం చేసింది. బాబాయి రొయ్యలు కొనేవాడు లేక చెరువులోనే ఉండిపోయాయి. నా ఎద్దుకు సుంకం పడలేదని ఆయన కొన్నాళ్లు నాతో సరిగా మాట్లాడలేదు.

నువ్వు ఆటలు ఆడతావా అని అందరూ అడుగుతారు. చిన్నప్పుడు ఆడాను. కందుకూరులో గంటకు ఐదు రూపాయలిచ్చి, క్యాసెట్‌ను నోటితో ఊది పెట్టి, మారియో, కాంట్రా. క్యాసెట్ మీద 99,99,999 ఆటలని ఉండేది, లోపల ఇరవయ్యే తిరిగి తిరిగి వచ్చేవి. ఇప్పుడు ఏ ఆట తెరిచినా మొదట గోడలోకి నడిచి, తల అవతలికి దూరుతుందేమో చూస్తాను. దూరితే ఎవరో పాపం రాత్రంతా కూర్చుని ఉంటారని జాలేసి ఆపేస్తాను.

పోయిన నెల క్లయింటు దగ్గర్నుంచి కొత్త ఆర్డరు వచ్చింది. ఆట బాగా ఆడుతోందట. విడిగా డబ్బిచ్చి కొనుక్కునే అరుదైన పశువుల ప్యాక్ ఒకటి వదులుతారట. అందులో మొదటిది 'బ్రెజిల్ ఎద్దు'. వివరం కింద రాసి ఉంది: వీపు మీద గడ్డ తప్పనిసరి.

పాత ఫైలు నా దగ్గర భద్రంగా ఉంది. తెరిచి చూసుకున్నాను, మూపురం ఇంకా పక్కకు ఒరుగుతూనే ఉంది. శరీర నిర్మాణం చాలా సంక్లిష్టమైనది, కనీసం మూడు వారాలు పడుతుందని జవాబు రాసి, రాత్రి బస్సుకు ఉలవపాడు టికెట్ బుక్ చేసుకున్నాను. బాబాయి చెరువులో కొత్త పిల్ల వేశాడు, ఏరేటర్ల దగ్గర ఒక మనిషి కావాలన్నాడు.