పాత ట్రక్కు మీది కొత్త రంగు గారికి

మహారాజశ్రీ కొత్త రంగు గారికి,

గుంటూరు నుంచి ఒక గిత్తల జత యజమాని కుటుంబం నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమందరం క్షేమం. మీరు కూడా ఎండకు పెచ్చులూడకుండా, వానకు వెలిసిపోకుండా క్షేమంగా ఉన్నారని తలుస్తాను. పెచ్చులూడిన మరుక్షణం మీ కిందున్న సంగతులన్నీ వీధిన పడతాయి కాబట్టి, మీ ఆరోగ్యం గురించి మీకంటే మీ అమ్మకందారుకే బెంగ ఎక్కువ.

నన్ను మీరు గుర్తుపట్టకపోవచ్చు. ట్రక్కు బేరానికి వచ్చి, మీ మీద చెయ్యి వేసి, అరచేతికి నీలం అంటించుకుని వెళ్లిన మనిషిని. మీరు అప్పటికింకా ఆరలేదు. "ఇంట్లో వాడుకున్న బండి అండీ, రైతు బండి. పోయిన నెలలోనే పని చేయించాం" అన్నాడు మీ అమ్మకందారు. పోయిన నెల కాదు, నిన్న రాత్రి అని మీ వాసన చెప్పింది. ఆ బేరం మొత్తంలో నిజం చెప్పింది అదొక్కటే.

మా అవసరం చిన్నది. ఇంట్లో ఒంగోలు గిత్తల జత ఉంది. బండలాగుడు పందేలకు వాటిని తీసుకెళ్లాలి. ఇన్నాళ్లూ అద్దె బండ్ల మీద నడిచింది. సంక్రాంతి దగ్గర పడితే అద్దె బండి దొరకదు. దొరికిందంటే అది పొద్దున ఇటుకలు మోసి వచ్చినదై ఉంటుంది, గిత్తల గిట్టల కింద ఇటుక ముక్కలు బోనస్. ట్రాక్టరు ఎలాగూ ఉంది కదా, వెనక తగిలించుకోవడానికి రెండు గిత్తలు పట్టే పాత ట్రక్కు ఒకటి కొందామని తీర్మానించాం. మా వంశంలో ఇంతవరకు ట్రక్కు కొన్నవాళ్లు లేరు. గిత్తల్ని కొనడంలో మాత్రం మా బాబాయిని మించినవాడు చుట్టుపక్కల లేడు.

ఆయన గిత్తను కొనడం మీరు చూడాలి. ముందు పెదవి ఎత్తి పళ్లు లెక్కపెడతాడు. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అంటూ పందెంలో విభాగాలు కూడా పళ్లను బట్టే కదా, అక్కడ మోసపోతే అంతా మోసమే. తర్వాత గిట్టలు ఎత్తించి చూస్తాడు. సుడులు వెతుకుతాడు. గట్టినేల మీద ఒకసారి, దుక్కి మీద ఒకసారి నడిపిస్తాడు. పడుకోబెట్టి లేపిస్తాడు, లేచేటప్పుడు ఏ కాలి మీద బరువు వేసిందో చూస్తాడు. ఇంత చేసి, కండువా కింద వేళ్లు పట్టుకుని ధర మాట్లాడి, అదీ నచ్చక ఇంటికి వచ్చేసిన సందర్భాలే ఎక్కువ. సంతల్లో తమరు కొమ్ముల మీద కనిపిస్తూ ఉంటారు. అక్కడ మీ పప్పులు ఉడకవు. కొమ్ముకు రంగు కనపడగానే బాబాయి బొటనవేలి గోరుతో మొదట్లో గీకి, "కింద పగులుంది" అని అమ్మేవాడి మొహం మీదే చెప్పేస్తాడు.

అంతటి మనిషి మీ ముందుకు వచ్చేసరికి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నీలం ఒంటికి ఎర్ర అంచు. పక్క రేకుల మీద తామరపువ్వులు. వెనక డోరు మీద ఒక ఎడ్ల జత బొమ్మ, వాటి మూపురాలు మా గిత్తల మూపురాలకంటే పెద్దవి. ఆ బొమ్మ వేసిన చిత్రకారుడికి నా నిజమైన నమస్కారాలు, అతనితో నాకే తగాదా లేదు. బాబాయి ట్రక్కు కింద వంగి చూడలేదు. చక్రాన్ని తన్ని చూడలేదు. "బాగుందిరా, లక్షణంగా ఉంది" అన్నాడు. లక్షణాలు చూడకుండా ఆయన ఆ మాట అనడం నేను వినడం అదే మొదలు. బయానా కోసం జేబులో చెయ్యి కూడా పెట్టాడు.

మీ దురదృష్టం, మా వెంట ఒక వెల్డింగు మేస్త్రి ఉన్నాడు. అతనికి బొమ్మల మీద ఆసక్తి తక్కువ. గోనెసంచి పరుచుకుని ట్రక్కు కిందికి దూరి, స్పానరుతో అడుగు రేకును ఒక చివర నుంచి కొట్టుకుంటూ వచ్చాడు. ఖంగు, ఖంగు, ఖంగు. సరిగ్గా గిత్తల వెనక కాళ్లు ఉండే చోటికి వచ్చేసరికి ఆ మోత ఆగిపోయి, దబ్బుమని మెత్తటి చప్పుడు. స్క్రూడ్రైవరు పెట్టి నొక్కాడు. అది పిడి దాకా దిగింది. లాగితే దానితో పాటు వేలెడంత మందాన లప్పం ఊడివచ్చింది, ఒకవైపు మీ నీలం, రెండోవైపు చాక్లెట్ రంగు తుప్పు. ఆ రంధ్రంలోంచి మేస్త్రి కన్ను కనిపించింది. "నమస్తే అన్నా" అన్నాడు కింద నుంచి.

పశువులను మోసే బండికి మొదట చచ్చేది అడుగే. మూత్రం, పేడ నీళ్లు చెక్క సందుల్లోంచి దిగి రేకు మీద నిలుస్తాయి. పైన ఊకో వరిగడ్డో పరిచి ఉంటుంది కాబట్టి అక్కడ తడి ఎప్పటికీ ఆరదు. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. తెలియాలంటే గడ్డి తీయాలి, చెక్క ఎత్తాలి, కిందికి దూరాలి. మీరు ఉండగా ఆ మూడింటికీ ఎవరికీ మనసొప్పదు. ఎదిగిన ఒంగోలు గిత్త అర టన్ను పైమాటే. రెండు కలిస్తే టన్ను దాటుతుంది. ఆ బరువు ఇసుకకు మల్లే ఒక చోట కూర్చోదు. మలుపు తిరిగితే పక్కకు ఒరుగుతుంది, ట్రాక్టరు ఆగితే ముందుకు వాలుతుంది, పక్కన లారీ హారన్ కొడితే ఉలిక్కిపడి నాలుగు కాళ్లూ మార్చి మార్చి వేస్తుంది. జాతీయ రహదారి 16 మీద, కాజ టోల్‌గేటు దాటాక, కదులుతున్న ట్రక్కులో ఒక గిట్ట అడుగు రేకులోంచి కిందికి దిగితే ఏమవుతుందో వర్ణించి మీ మెరుపును పాడుచేయను.

మేస్త్రి అంతటితో ఆగలేదు. ట్రాక్టరుకు తగిలించే కొక్కెం కన్ను అరిగి కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది. దాని మెడ దగ్గర పాత వెల్డింగు మీద కొత్త వెల్డింగు, దాని మీద మీరు. చక్రాల మీద బరువు మోసే కమాను కట్టల్లో ఒకటి విరిగి ఉంది. ఆ విరుపులోకి కూడా మీరు శ్రద్ధగా దిగి కూర్చున్నారు. చక్రాన్ని జాకీ మీద లేపి రెండు చేతులతో ఊపితే బేరింగు కటకటలాడింది. టైర్లు నల్లగా నిగనిగలాడుతున్నాయి, "కొత్తవే అండీ" అన్నాడు అమ్మకందారు. టైరు పక్కన చిన్న గడిలో నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండూ తయారైన వారం, చివరి రెండూ సంవత్సరం. అక్కడ 1514 అని ఉంది. 2014లో పదిహేనో వారంలో పుట్టిన టైరు అది.

ఇక్కడ నాకొక చిన్న సరదా దొరికింది. "2020 మోడలు" అని ఆయన అప్పటికే ప్రమాణం చేసి ఉన్నాడు. నంబరు ప్లేటేమో ఏపీ 07. రాష్ట్రమంతటికీ ఒకే వరుసగా ఏపీ 39 వచ్చింది 2019లో. ఆ తర్వాత గుంటూరులో కొత్తగా రిజిస్టరైన బండికి 07 రాదు. ఈ మాట అంటే ఆయన ఏమాత్రం తడుముకోకుండా, "ప్లేటు పాతదండీ, బండి కొత్తది" అన్నాడు. పోనీ చాసిస్ నంబరు చూద్దామంటే అంకెల గాడులన్నీ మీతో నిండి ఉన్నాయి. కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దినా మూడో ఎనిమిదో తేలలేదు. ట్రాక్టరుకు వేరుగా, ట్రక్కుకు వేరుగా రిజిస్ట్రేషన్ ఉంటుందన్న సంగతే చాలామంది మరిచిపోతారు. ఆ మరపు మీద కూడా మీరే ఒక పూత వేస్తారు. ఆర్‌సీలో బ్యాంకు అప్పు నమోదై ఉందా అని అడిగితే, "ముందు బండి తీసుకెళ్లండి, కాగితాలు ఎక్కడికి పోతాయి" అని సమాధానం. నిజమే, వాటికి కాళ్లు లేవు. అమ్మినవాడికే ఉంటాయి.

ఇవన్నీ క్షమించవచ్చు. ఒక్కటి మాత్రం క్షమించలేను. వెనక డోరుకు ఇరువైపులా ఉండే ఎర్ర రిఫ్లెక్టర్ల మీద కూడా మీరు పడుకున్నారు. ఒకటి తామరపువ్వులో కలిసిపోయింది, రెండోది బొమ్మలోని ఎద్దుకు కన్ను అయింది. రాత్రిపూట దీపం లేని ట్రక్కును వెనక నుంచి గుద్దిన వార్త రాని పేపరు మన జిల్లాలో అరుదు. మీ అందం పగటికి, మా ప్రాణం రాత్రికి అని పంచుకున్నామేమో, నాకు తెలియలేదు.

ఇంటికి వచ్చాక పంతం కొద్దీ నిబంధనలు తిరగేశాను. పశువుల రవాణాకు 1978 నాటి కేంద్ర నిబంధనలు ఉన్నాయి. నేల జారకుండా కొబ్బరిపీచు పట్టా గానీ చెక్కలు గానీ వేయాలన్నాయి, పక్కలకు మెత్త కట్టాలన్నాయి, పశువుల ముఖం ఇంజను వైపు ఉంటే మంచిదన్నాయి, వెంట ఒక మనిషి ఉండాలన్నాయి, వేరే సరుకు కలపవద్దన్నాయి. మోటారు వాహనాల నిబంధనల్లో 2016 నుంచి స్థలం కొలత కూడా చేర్చారు: ఆవుకో గేదెకో రెండు చదరపు మీటర్లు, గుర్రానికి 2.25. గుర్రానికి ఆ పావు మీటరు ఎందుకు ఎక్కువో మా గిత్తలకు నేను ఇంకా వివరించలేదు. మా లెక్క ప్రకారం పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు ఉన్న ట్రక్కులో రెండు గిత్తలు దర్జాగా నిలబడతాయి. అమ్మకందారు నాలుగు పడతాయన్నాడు. నిబంధనలన్నీ చదివాను, మీ గురించి ఒక్క ముక్క లేదు. కొనేవాళ్లందరూ మొదట చూసే వస్తువును ప్రభుత్వం ఇలా గాలికి వదిలేయడం మీకు జరిగిన అన్యాయమే.

అయినా ప్రభుత్వాలతో మీకు వేరే దారిలో మంచి చుట్టరికం ఉంది. పెద్దలు వస్తున్నారంటే విజయవాడలో డివైడర్ల మీద ముందు దిగేది మీరే, పక్కన గుంత మాత్రం వాళ్లు వచ్చి వెళ్లాక కూడా గుంతగానే ఉంటుంది. 2020లో మన రాష్ట్రంలో పంచాయతీ భవనాలకు ఏ రంగు ఉండాలన్న వివాదం హైకోర్టు దాటి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ భవనాల పైకప్పులు కారుతున్నాయా లేదా అన్న వివాదం మండల కార్యాలయం దాటిందని కూడా నేను వినలేదు. ఇంత పలుకుబడి ఉన్న మీకు ఒక పాత ట్రక్కు ఏపాటి?

మీ దగ్గర సెలవు తీసుకున్నాక మేము వేరే ట్రక్కు కొన్నాం. దాని మీద మీరు లేరు, మీ తాతగారి ఆనవాళ్లు అక్కడక్కడా ఉన్నాయి. తుప్పు ఎక్కడుందో కంటికి కనిపిస్తోంది, నొక్కు ఎక్కడుందో కనిపిస్తోంది, అమ్మిన పెద్దాయన "అడుగు మార్చుకోవాల్సిందే బాబూ" అని తనే చెప్పాడు. ఆ ఒక్క మాటకు బాబాయి బేరం ఆడటం మానేయబోతే నేనే కాలు తొక్కాను. బండి ఇవ్వకముందే కాగితాలు చూపించాడు. బండిని కొన్నవాడి పేరుకు మార్చే 29, 30 నంబరు ఫారాల మీద సంతకాలు పెట్టాడు, అమ్మినవాడు పద్నాలుగు రోజుల్లో, కొన్నవాడు ముప్పై రోజుల్లో రవాణా కార్యాలయానికి తెలియజేయాలని తనే గుర్తుచేశాడు. విజయవాడ ఆటోనగర్‌కు తీసుకెళ్లి అడుగు మొత్తం కోసి తీయించి, కొత్త గళ్ల రేకు వేయించాం. దాని మీద చెక్కలు బిగించకుండా వదులుగా పరిచాం, వారానికోసారి ఎత్తి కడగడానికి. కొక్కెం కన్ను కొత్తది. బేరింగులు కొత్తవి. టైర్ల అంకెలు బాబాయే చదివాడు. కళ్లజోడు పెట్టుకుని, టైరు ముందు గొంతుక్కూర్చుని, ఒక్కొక్కటే వేలితో తడుముతూ పైకి చదివాడు. గిత్త పళ్లు లెక్కపెట్టేటప్పుడు కూర్చునే తీరు అదే.

ఇక ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం. బాబాయి పొద్దుటి నుంచి ఒకటే గొడవ. పందెం ఊళ్లో నలుగురూ చూస్తారు, ఈ తుప్పు ముఖంతో ఎలా వెళ్తాం, నీలం వేయించు, వెనక మన గిత్తల బొమ్మ వేయించు అని. అందుచేత తమరిని సగౌరవంగా ఆహ్వానిస్తున్నాను. రేపు ఉదయం రండి. వెల్డింగులన్నీ మేస్త్రి చూసేశాడు, చాసిస్ నంబరు మీద గ్రీజు రాసి టేపు అంటించాడు, అక్కడ మీకు పని లేదు. వెనక రిఫ్లెక్టర్లు ఇంకా బిగించలేదు. మీరు వచ్చి, పూర్తిగా ఆరి, వెళ్లిన తర్వాతే బిగిస్తాం.

బొమ్మలో గిత్తల మూపురాలు ఉన్నంతే వేయమని చిత్రకారుడికి చెప్పగలరు.

ఇట్లు,
అరచేతి నీలం ఇంకా పూర్తిగా వదలని
ఒక కొత్త ట్రక్కు యజమాని, గుంటూరు