మా మేనల్లుడి పేరు ప్రమాదకరం

మా మేనల్లుడు సాయి కృష్ణ ఇంజినీరింగ్ చివరి సంవత్సరంలో ఉన్నాడు. ఇరవై ఒక్క ఏళ్లు వచ్చినా ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగడు. వీధి కుక్క ఎదురైతే తనే పక్కకు తప్పుకుని దారి ఇస్తాడు. అలాంటి పిల్లవాడి పేరు సురక్షితం కాదని మొన్న ఆదివారం ఉదయం పదకొండింటికి వాడి సొంత కంప్యూటరే తేల్చి చెప్పింది. ఆ సమయానికి నేను పక్కనే ఉన్నాను. ఎక్కడ సాక్ష్యం చెప్పమన్నా చెబుతాను.

వాడి ప్రాజెక్టుకు సీ భాషలో రాసిన ఒక చిన్న లైబ్రరీ, అంటే వేరే ప్రోగ్రాములు వాడుకునే తయారు కోడ్, కావలసి వచ్చింది. దాని పేరు ఇక్కడ రాయను. రాసినవారు పైసా పుచ్చుకోకుండా రాశారు, వారి మీద నాకు కోపం లేదు. "ఏ ప్లాట్‌ఫారం మీదైనా నడుస్తుంది" అని దాని సూచనల మొదటి వాక్యంలోనే ఉంది. సికింద్రాబాదు స్టేషన్‌లో ఒక్కసారైనా బండి కోసం ఎదురుచూసిన వారికి ఈ మాటను విడమరచి చెప్పనక్కరలేదు. బండి ఏ ప్లాట్‌ఫారం మీదికైనా రావచ్చు. అంటే, అది వచ్చేలోగా మనం పెట్టెలు నెత్తిన పెట్టుకుని వంతెన ఎక్కి దిగాలి.

ఇన్‌స్టాల్ చేసే విధానం మూడే మాటలు: కాన్ఫిగర్, మేక్, మేక్ ఇన్‌స్టాల్. మొదటిది కంప్యూటరును పరీక్షిస్తుంది, రెండోది కోడ్‌ను ప్రోగ్రాముగా కడుతుంది, మూడోది దాన్ని తగిన చోటికి చేరుస్తుంది. కేశవాయ స్వాహా, నారాయణాయ స్వాహా, మాధవాయ స్వాహా. మూడు ఉద్ధరిణెల నీళ్లు పుచ్చుకుంటే సరి అనిపిస్తుంది. ఆ తరువాత ఇంకా 21 నామాలు ఉంటాయని పీట మీద కూర్చున్నాక గానీ తెలియదు.

మావాడు పద్ధతి గల పిల్లవాడు. మూల కోడ్ ఉన్న ఫోల్డరును చిందరవందర చేయకుండా, పక్కన వేరే ఫోల్డరు తెరిచి, అక్కడి నుంచి పూర్తి చిరునామాతో కాన్ఫిగర్‌ను పిలవడం మంచిదని ఎక్కడో చదివాడు. అలాగే పిలిచాడు. కాన్ఫిగర్ వేసిన రెండో ప్రశ్న: "ఇక్కడి వాతావరణానికి మతి స్థిమితం ఉందా?" ఇది నా చమత్కారం కాదు. ఆటోకాన్ఫ్, ఆటోమేక్ అనే పరికరాలు కలిసి తయారుచేసే కాన్ఫిగర్ పత్రాలు ఎదుటి కంప్యూటరును ఇంగ్లీషులో అచ్చంగా ఈ మాటే అడుగుతాయి. సాధారణంగా "ఉంది" అని జవాబు వస్తుంది. మావాడికి మాత్రం "మూల ఫోల్డరు విలువ సురక్షితం కాదు" అని వచ్చి, పని అక్కడితో ఆగిపోయింది. ఆ చిరునామా మధ్యలో, విండోస్ అలవాటు ప్రకారం, వాడి పేరుంది. పేరులో సాయికీ కృష్ణకూ మధ్య ఒక ఖాళీ ఉంది.

"ఏమిటిరా సురక్షితం కాదంటున్నారు?" అని వంటింట్లోంచి మా అమ్మ కేకేసింది.

"నా పేరు, అమ్మమ్మా."

పప్పుగుత్తితో సహా వచ్చేసింది.

ఆ ఖాళీ పుట్టుపూర్వోత్తరాలు చెప్పకపోతే మీకు సంగతి బోధపడదు. మా అమ్మకు షిర్డీ మొక్కు ఉంది కాబట్టి సాయి. వియ్యపురాలు గారు కాలం చేసిన తమ భర్త కృష్ణమూర్తి గారి పేరు నిలబెట్టాలన్నారు కాబట్టి కృష్ణ. బారసాల నాడు ఏది ముందు, ఏది వెనుక అన్న దాని మీద గంటన్నర చర్చ జరిగింది. పంతులు గారు రెండుసార్లు గడియారం చూసుకున్నారు. చివరికి మా బావగారు ఉంగరం అందుకుని, పళ్లెంలోని బియ్యం మీద సాయి అని రాసి, రెండు వేళ్ల చోటు వదిలి, కృష్ణ అని రాశారు. కలిపి రాస్తే ఒకరి పేరు మరొకరి పేరులో కలిసిపోతుందని రెండు పక్షాలూ అభ్యంతరం చెప్పాయి మరి. ఆ రెండు వేళ్ల చోటు మీద ఇరవై ఒక్క ఏళ్లుగా కాల్పుల విరమణ అమలులో ఉంది. ఆధార్ కార్డు దాన్ని గౌరవించింది. పదో తరగతి మార్కుల జాబితా గౌరవించింది.

"ఖాళీ తీసేయాలట, అమ్మమ్మా."

"ఎవరు తీసేయమన్నారు? మీ నాయనమ్మ గారు ఫోను చేశారా?"

"కాదు, కాన్ఫిగర్."

"ఆవిడెవరు?"

విండోస్‌లో ఖాతా పేరు మార్చుకోవచ్చు గానీ ఫోల్డరు పేరు మారదు. పాత రోజుల ఎనిమిది అక్షరాల అలవాటు కొద్దీ విండోస్ అలాంటి ఫోల్డరుకు లోపల్లోపల ఒక పొట్టి పేరు కూడా పెట్టుకుంటుంది, అది వాడి చూడమని నేనే సలహా ఇచ్చాను. ఖాళీని మింగేసి, మొదటి ఆరు ఇంగ్లీషు అక్షరాలు ఉంచి, చివర ఒక వంకర గీత, ఒకటి అంకె తగిలిస్తుంది. మావాడి పేరు "సాయిక్రి" దగ్గర తెగింది. సాయి నిండుగా ఉన్నాడు, కృష్ణుడు నడుముకు రెండయ్యాడు. మా అమ్మకు ఈ ఏర్పాటు బాగానే నచ్చింది. "పనికొస్తే అలాగే కానివ్వండి" అంది. ఈ సంగతి నాయనమ్మకు తెలిస్తే ప్రాజెక్టు కాదు, పండగకు రాకపోకలే ఆగిపోతాయని మావాడు ఒప్పుకోలేదు. సీ డ్రైవు మొదట్లోనే "పని" అని ఫోల్డరు తెరిచి, సామానంతా అక్కడికి చేరవేశాం.

ఖాళీ అంటే ఈ భయం కాన్ఫిగర్‌కు సొంతంగా పుట్టింది కాదు, పెద్దల నుంచి వచ్చింది. 1976లో బెల్ ల్యాబ్స్ అనే పరిశోధనశాలలో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ మేక్‌ను రాశారు. దానికి ఖాళీ కనబడితే ఒక పేరు అయిపోయి మరో పేరు మొదలైనట్టు లెక్క. దాని కంటికి మావాడు ఇద్దరు మనుషులు. ఇంకో ముచ్చట కూడా ఉంది. మేక్‌ఫైలులో ప్రతి ఆదేశానికి ముందు ట్యాబ్ ఉండాలి. ఎనిమిది ఖాళీలు పెడితే కుదరదు, ఎంత అచ్చు అలాగే కనబడినా కుదరదు. ఇది ఇబ్బంది అని ఫెల్డ్‌మన్ గారికి తెలిసేసరికి కొద్ది వారాలైంది, అప్పటికే ఓ డజను మంది వాడుతున్నారు. ఎక్కువమంది స్నేహితులే. వాళ్లను కష్టపెట్టడం ఇష్టంలేక మార్చలేదని ఆయనే చెప్పుకున్నారు. మేక్ రాసినందుకు 2003లో కంప్యూటర్ శాస్త్రజ్ఞుల సంఘమైన ఏసీఎం వారు ఆయనకు అవార్డు ఇచ్చారు. ఇవ్వవలసిందే. డజను మంది దగ్గర పడిన మొహమాటాన్ని యాభై ఏళ్లుగా లోకమంతా మోస్తోంది.

కొత్త ఫోల్డరులో కాన్ఫిగర్‌కు మా మతి స్థిమితం మీద నమ్మకం కుదిరింది. ప్రశ్నలు మొదలుపెట్టింది. సీ కంపైలర్, అంటే కోడ్‌ను యంత్రం భాషలోకి మార్చేది, ఉందా? ఉంది. ఆ కంపైలర్ పనిచేస్తుందా? చేస్తుంది. స్ట్రింగ్ హెడర్, అంటే అక్షరాల పనులకు సీ ఇచ్చే సదుపాయాల జాబితా, ఉందా? 1989 నాటి సీ ప్రమాణంలోనే ఉన్న హెడర్ అది, లేకుండా ఎక్కడికి పోతుంది? 1991లో డేవిడ్ మెకెంజీ ఆటోకాన్ఫ్ మొదలుపెట్టినప్పుడు ఈ ప్రశ్నలకు అర్థముండేది. యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం ఒక్కో కంపెనీ దగ్గర ఒక్కో తీరుగా ఉన్న రోజులవి. వ్యాక్స్ యంత్రాలు, అల్ట్రిక్స్, ఐరిక్స్ అనే ఆనాటి యూనిక్స్‌లు అన్నీ పోయాయి, వాటి పేర్లు మాత్రం ఈ పత్రాలలో పదిలంగా ఉన్నాయి. ఊళ్లో పింఛను పంచడానికి వచ్చిన ఉద్యోగి, ముప్పై ఏళ్ల కిందట పోయినవారి పేర్లు కూడా ఒక్కొక్కటిగా పిలిచి, జవాబు కోసం కాసేపు ఆగి, "లేరు" అని రాసుకున్నట్టుంటుంది. లైబ్రరీలు కట్టే పరికరమైన వెనుకటి లిబ్‌టూల్ 1.5 అయితే సీ లైబ్రరీని కడుతూ ఫోర్ట్రాన్ అనే వేరే భాష కంపైలర్ ఉందా అని వెతికేది. ఇడ్లీ తినడానికి వచ్చినవాడిని ఈత వచ్చా అని అడగడమన్నమాట.

ప్రశ్నలకు పదకొండు నిమిషాలు పట్టింది. అసలు లైబ్రరీ కంపైల్ కావడానికి తొమ్మిది సెకన్లు. అందులో అసలు కోడ్ 4,000 పంక్తులైతే, కాన్ఫిగర్ పత్రం 19,000 పంక్తులు. దాన్ని మనిషి రాయలేదు, ఎం4 అనే మరో భాషలోని ముక్కల నుంచి యంత్రం దించింది. మరి మనిషి చదువుతాడా? నేను చదవలేదు. టీ పెట్టుకోవడానికి వెళ్లాను. తెర మీద పంక్తులు పైకి పాకుతుంటే టీ పెట్టుకోవడమే మా వృత్తిలో సంప్రదాయం.

ఆ సంప్రదాయం దొంగకూ తెలుసు. ఎక్స్‌జెడ్ అనే కుదింపు లైబ్రరీని ఏళ్ల తరబడి దాదాపు ఒక్క చేతి మీద నడిపించినవాడు లాస్సే కొలిన్. ఇది జీతం లేని అభిరుచి పని అని 2022లో ఆయన బహిరంగంగానే గుర్తుచేశాడు. విన్నవాడు లేడు. కొత్త విడుదల ఎప్పుడు, ఇంత ఆలస్యమా, పగ్గాలు ఇంకొకరికి ఇవ్వరాదా అని ముక్కూ మొహం తెలియని పేర్లు ఆయనను పీకాయి. జియా టాన్ అనే పేరుతో వచ్చినవాడు రెండేళ్లకు పైగా బుద్ధిగా సాయం చేసి, తాళం చెవులు సంపాదించి, 5.6.0, 5.6.1 విడుదలల్లో దొంగతలుపు పెట్టాడు. ఎక్కడ పెట్టాడు? సరుకును అందరూ చూసే కోడ్ భాండారంలోనే పరీక్షా ఫైళ్లలో దాచాడు, దాన్ని బయటికి తీసే మీట మాత్రం అక్కడ లేదు. అది విడుదల మూటలో మాత్రమే ఉన్న ఒక ఎం4 ముక్కలో, అంటే సరిగ్గా మనం టీ పెట్టుకునే చోట. కాన్ఫిగర్‌కు బదులు వాడే సీమేక్ అనే మరో పరికరం దారిలో ఇంకో పని జరిగింది. ల్యాండ్‌లాక్ అనే రక్షణ సదుపాయం ఉందో లేదో చూసే పరీక్షలో ఒక చుక్క పడింది. ఒక్క చుక్క. దానితో పరీక్ష ఎక్కడా కంపైల్ కాదు. కంపైల్ కాకపోతే "ఈ యంత్రంలో ఆ సదుపాయం లేదు కాబోలు" అని రాసుకుని బండి ముందుకు పోతుంది. ఎవరికీ అనుమానం రాలేదు. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు ఆ దొంగతలుపును బయటపెట్టాడు. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని ఆయనకు చిరాకు వేసింది, అంతే. ఆ చిరాకు వేయకపోతే?

ఎవడి పేరులోనో బియ్యం మీద పుట్టిన ఖాళీని చూసి సురక్షితం కాదని అరిచే వ్యవస్థకు ఆ చుక్క కనబడలేదు. పిల్లవాడి పేరును నిలబెట్టి విచారిస్తుంది, తాళం విరగ్గొట్టినవాడికి సలాము కొడుతుంది. ఇంత జరిగాక కూడా, ఇన్‌స్టాల్ కాలేదని ఏ విద్యార్థి అయినా అడిగితే "సూచనలు చదివావా?" అని ఎదురు ప్రశ్న వేసే పెద్దమనుషులున్నారు. మీరు చదివారా, అయ్యా? ఆ 19,000 పంక్తుల్లో పది చదివారా? ఆ ఒక్క మనిషి ఒంటరిగా మోస్తున్నప్పుడు మీరెక్కడున్నారు? పెద్ద పెద్ద కంపెనీలు ఆయన లైబ్రరీ మీద మేడలు కట్టుకున్నాయి కదా, ఒక్కరైనా ఒక నెల జీతం పంపారా?

సరే. మేక్ ఇన్‌స్టాల్ కూడా అయిపోయింది. మావాడు పది పంక్తుల ప్రోగ్రాము రాసి నడిపాడు. డీఎల్‌ఎల్, అంటే విండోస్‌లో ఆ లైబ్రరీ ఫైలు, దొరకలేదని ఒక పెట్టె తెరుచుకుంది. ప్రోగ్రామును మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే సమస్య తీరవచ్చునని అందులోనే ఉచిత సలహా ఉంది. అప్పుడే పుట్టిన ప్రోగ్రామును మళ్లీ ఎక్కడ ఇన్‌స్టాల్ చేస్తాడు? లైబ్రరీని లిబ్ అనే ఫోల్డరులో వెతికాం. విండోస్‌లో అసలు సరుకు బిన్ ఫోల్డరులోకి పోతుందట, లిబ్‌లో దాని చిరునామా చీటీ మాత్రం ఉంటుందట. "విండోస్ వదిలేసి లినక్స్ వేసుకో" అని వాడి స్నేహితుడొకడు ఫోనులో తీర్పు చెప్పాడు. ఆ స్నేహితుడి లాప్‌టాప్‌లో రెండూ ఉన్నాయి. విండోస్ గడియారాన్ని స్థానిక కాలంలో పెడుతుంది, లినక్స్ దాన్ని గ్రీనిచ్ కాలం అనుకుంటుంది. కాబట్టి కొన్ని ఫైళ్లు ఐదున్నర గంటల భవిష్యత్తులో, అంటే ఇంకా 19,800 సెకన్ల తరువాత పుట్టినట్టు నమోదై, మేక్ అతని మీద అలిగి కూర్చుంటుంది. ఆ స్నేహితుడు ఇప్పుడు ఆ సెకన్లు లెక్కపెట్టుకుంటున్నాడు.

డీఎల్‌ఎల్‌ను తీసుకొచ్చి ప్రోగ్రాము పక్కనే పడేశాం. నడిచింది. అప్పటికి రాత్రి తొమ్మిదిన్నర. ఇంకెప్పుడూ ఈ గొడవ వద్దని మావాడు విండోస్‌లో కొత్త ఖాతా తెరిచి, ఖాళీ లేకుండా, ఎవరి పేరూ తెగకుండా, రెండు ఇంగ్లీషు అక్షరాలు పెట్టుకున్నాడు: ఎస్‌కే. ఇరుపక్షాలకూ చెరొకటి. న్యాయంగానే ఉందని అందరం అనుకున్నాం.

మర్నాడు పొద్దున్నే వాళ్ల నాయనమ్మ గారి ఫోను వచ్చింది. ఎస్ ముందెందుకు వచ్చిందని అడుగుతున్నారు.