హవాయి బడి: చామ మడికి వేసవి సెలవులుండవు

హవాయి ద్వీపాల్లో 'కలో' అని పిలిచేది మన చామే. దుంప తలను కాడతో సహా కోసి, నీటి మడిలో అడుగున్నర, రెండడుగుల ఎడంతో నాటుతారు. దుంప ఊరడానికి 9 నుంచి 14 నెలలు పడుతుంది. పిల్లల చేత ఈ మడి సాగు చేయిస్తూ పాఠాలు చెప్పే బడికేమో సంవత్సరం పది నెలలే. మే చివర తాళం పడ్డాక కాలువ పూడితే చూసేదెవరు? మూలవాసి పిల్లల చదువులో ఊరి పాత్ర ఏమిటంటే నేను ముందు చెప్పేది ఈ లెక్కే. కుటుంబాలు వంతులు వేసుకోని చోట మడి ఎండుతుంది, పాఠమూ అక్కడే ఆగుతుంది.

మడిలో నీరు పారుతూనే ఉండాలి. నిలిచి వేడెక్కి 25 డిగ్రీలు దాటితే దుంపకుళ్లు సోకే ప్రమాదం ఉంది. అందుకే నీరు వచ్చే గండి దగ్గరా, పోయే గండి దగ్గరా పిల్లల చేత ఉష్ణోగ్రత కొలిపించాలి. ఆకు ఒకటి వదిలి, పది అడుగులు ఎన్ని సెకన్లలో దాటిందో చూస్తే వేగం తెలుస్తుంది. దాన్ని కాలువ వెడల్పు, లోతులతో గుణిస్తే ప్రవాహం. ఉదయం ఒక్కసారి కొలిచి ఊరుకుంటే లాభం లేదు, మడి కాగేది మధ్యాహ్నం. ఏడాదికోసారి బస్సులో తీసుకెళ్లి మొక్క నాటించి ఫొటో దిగితే ఇదేదీ పిల్లలకు అందదు.

ఇక భాష. 1896 చట్టం బడుల్లో ఇంగ్లిష్‌నే బోధనా భాష చేసింది. 1980ల తొలినాళ్లకు హవాయి భాష ధారాళంగా మాట్లాడే పిల్లలు యాభై మంది కూడా లేరని అంచనా. తల్లిదండ్రులు, భాషాభిమానులు కలిసి 1984లో కవాయి ద్వీపంలోని కెకాహాలో మొదటి 'పూనానా లియో' శిశుబడి తెరిచారు. పూనానా అంటే గూడు, లియో అంటే గొంతు. 1987లో ప్రభుత్వ బడుల్లో హవాయి మాధ్యమం మొదలైనప్పుడు పుస్తకాలు లేవు. ఇంగ్లిష్ పుస్తకాల్లోని వాక్యాల మీద అనువాదం కాగితాలు అతికించారు. కంప్యూటర్‌కు 'లోలోఉయిలా' అన్నారు: మెదడు, మెరుపు అనే రెండు మాటల కలయిక.

ఇంత కష్టాన్నీ ఒక్క పరీక్ష వమ్ము చేయగలదు. ఈ బడుల్లో ఇంగ్లిష్ పాఠం సాధారణంగా అయిదో తరగతిలో మొదలవుతుంది. మూడో తరగతి పిల్లలకు ఇంగ్లిష్ ప్రశ్నపత్రం ఇస్తే, చెప్పని పాఠానికి మార్కులు వేసినట్టే. దాన్ని అనువదించి ఇచ్చినా న్యాయం జరగదు. ఇంగ్లిష్‌లో తేలికైన మాటకు హవాయి భాషలో పిల్లలెప్పుడూ వినని కొత్త మాట రావచ్చు, దాంతో లెక్క తెలిసిన పిల్ల కూడా తప్పుతుంది. హవాయి భాషలోనే తయారుచేసిన 'కాఎఓ' పరీక్ష 2014-15లో గానీ మొదలుకాలేదు. అంత ఆలస్యాన్ని నేను చిన్న పొరపాటుగా చూడలేను.

ఉపాధ్యాయుల కొరత ఇంకా పెద్ద గండం. లనాయ్ ద్వీపంలో హవాయి మాధ్యమం చెప్పేవారు దొరకలేదంటే ఓ తల్లి కోర్టుకెళ్లారు. ఆ మాధ్యమాన్ని పిల్లలకు అందుబాటులో ఉంచేందుకు తగిన ప్రయత్నాలన్నీ చేయడం రాజ్యాంగం ప్రకారం రాష్ట్ర బాధ్యతని హవాయి సుప్రీంకోర్టు 2019లో తీర్పిచ్చింది. ఆ ప్రయత్నం జీతాల పద్దులో కనబడాలి. కాలువ కట్టడం, భాష రెండూ తెలిసిన పెద్దలకు డిగ్రీ లేదని అతిథి మర్యాదతో సరిపెట్టకుండా, అర్హత గల ఉపాధ్యాయుడి పక్కన గంటల లెక్కన జీతమిచ్చి కూర్చోబెట్టాలి, వేసవి నెలలు కూడా కలిపి.