కజిన్ తెచ్చిన తంటా

బరంపురంలో తెలుగింటి పెళ్ళి విందుకి పిలుపులు మూడు భాషల్లో వెళ్తాయి. చుట్టాలకి తెలుగు, పక్కింటివాళ్ళకి ఒడియా, మర్యాదకి ఇంగ్లీషు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే ప్రావిన్సు అయ్యేదాకా ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోది. అందుకే ఇక్కడ తెలుగువాళ్ళూ ఒడియావాళ్ళూ గోడకి గోడ ఆనించుకుని కాపురాలు చేస్తున్నారు. ఒకరి భాష ఒకరికి బజారు మేరకు బాగానే వచ్చు. కూరగాయల బేరంలో రాని చిక్కు రిసెప్షన్ స్టేజీ మీద ఎందుకొస్తుందంటే, అక్కడ అందరూ మంచి బట్టల్లో ఉంటారు. మంచి బట్టలు కట్టుకుంటే మనవాళ్ళకి ఇంగ్లీషు వచ్చేస్తుంది.

అలాంటి ఒక స్టేజీ సంగతి ఇది. పెళ్ళికొడుకు తండ్రి నెల ముందునుంచే స్పోకెన్ ఇంగ్లీషు పుస్తకంలో పరిచయాల పాఠం బట్టీ పట్టి ఉన్నాడు. నేర్చుకున్న నియమం కూడా సరైనదే: ముందు పెద్దవారిని పలకరించి, తరవాత చిన్నవారిని వారికి చూపించాలి. పక్కింటి రిటైర్డ్ ఒడియా మేస్టారూ భార్యా మెట్లెక్కి రాగానే, "సర్, దిస్ ఈజ్ మై సన్" అన్నాడు. బాగుంది. అక్కడ ఆగుంటే ఇంకా బాగుండేది. "అండ్ ద బ్రైడ్ ఈజ్ మై ఓన్ సిస్టర్స్ డాటర్!"

కవరు అందించబోతున్న మేస్టారి చెయ్యి మధ్యలో ఆగింది. ఆయన భార్య, తను తప్పుగా విన్నానేమోనని, మెల్లిగా "కజిన్స్?" అంది.

"యెస్ మేడమ్, ఓన్ కజిన్స్!"

"కజిన్ బ్రదర్, కజిన్ సిస్టర్?"

ఆవిడ ఇంగ్లీషు తన పుస్తకంలో కన్నా ఒక మెట్టు పైన ఉందని మురిసిపోయి, "యెస్, యెస్! ఫ్రమ్ చైల్డ్‌హుడ్ టుగెదర్!" అన్నాడు పెళ్ళికొడుకు తండ్రి. సాయానికి పెళ్ళికూతురి తమ్ముడు కూడా దూకాడు. పెళ్ళికొడుకు భుజం మీద చెయ్యేసి, "ఆంటీ, మై బ్రదర్-ఇన్-లా. సిన్స్ బర్త్!"

ఎక్కడ తేడా కొట్టిందో చూడండి. ఒడియాలో మేనమామ కొడుకు 'మాము పుఅ భాయి', మేనత్త కొడుకు 'పిఉసి పుఅ భాయి'. ఎటు తిప్పినా చివర భాయి తప్పడు. వాళ్ళకి వీళ్ళంతా అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ, పెళ్ళి ఊసే ఉండదు. మనింట్లో అదే పిల్లవాడు బావ. ఉయ్యాల్లో ఉండగానే ఏ బామ్మో "ఇదిగోనే నీ మొగుడు" అని మొదలెడుతుంది. కజిన్ అనే మాట మన బావనీ పెదనాన్న కొడుకునీ ఒకే గోనెసంచిలో వేసి మూతి కట్టేస్తుంది. దానికి బ్రదర్ తగిలించడం మనదేశపు ఇంగ్లీషు చేసిన అదనపు సేవ. ఇంగ్లండులో ఉత్త కజిన్ అంటే సరిపోతుంది. 1955 నాటి హిందూ వివాహ చట్టం కూడా అన్నాచెల్లెళ్ళ పిల్లల పెళ్ళిని ముందు నిషేధించిన వరసల్లోనే రాసి, ఆచారం ఉన్నవాళ్ళకి మినహాయింపు ఇచ్చింది. ఆ మినహాయింపుని ఫొటోగ్రాఫరు "ఇటు చూడండి సార్" అంటుండగా వివరించడం లాయరుకైనా కష్టమే.

కాబట్టి స్టేజీ మీద పెళ్ళికూతురికి "మై డాటర్-ఇన్-లా" ఒక్కటే చాలు. పాత చుట్టరికం అడిగితేనే చెప్పాలి. చెబితే "ఇట్ ఈజ్ అవర్ కస్టమ్" అన్న ముక్క కూడా అదే ఊపిరిలో అనెయ్యాలి, ఆలస్యం చేస్తే మొహాలు మారిపోతాయి. అసలు సుఖమైన దారి, "ఇయె మో బొహూ" అని పక్కింటి భాషలోనే కోడల్ని చూపించడం. ఇంగ్లీషే కావాలని పట్టుపడితే మిగతా వరసలతోనూ జాగ్రత్త. బావ, మరిది, బావమరిది ముగ్గురూ బ్రదర్-ఇన్-లాలే. తోడల్లుణ్ణి కో-బ్రదర్ అంటే విజయనగరంలో చెల్లుతుంది. లండన్లో అంటే ఏ సహకార సంఘం అని అడుగుతారు. "మై వైఫ్స్ సిస్టర్స్ హస్బెండ్" అని పొడుగ్గా చెప్పుకోవాల్సిందే. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు మేస్టారుగా పనిచేసిన పర్లాకిమిడి ఇక్కడికి పక్క జిల్లాయే. వాడుక ఇంగ్లీషు పని మాత్రం ఆయన మనకే వదిలేశారు.

మేస్టారు దంపతులు కవరిచ్చి, అక్షింతలు వేసి, "ఓకే, వి ఆర్ కమింగ్" అని మెట్లు దిగారు. పెళ్ళికొడుకు తండ్రి వెంటనే భోజనాల హాల్లో కిటికీ పక్కన రెండు విస్తళ్ళు వేయించి, ఆ రెండు కుర్చీలకి పెదనాన్నగారిని కాపలా పెట్టాడు. ఆయన మధ్యలో, అటో సగం ఇటో సగం కూర్చున్నాడు.

కాసేపటికి బెంగుళూరు నుంచి వచ్చిన కుర్రాడొకడు, "అంకుల్, వుడ్ యూ మైండ్ మూవింగ్ ఎ లిటిల్?" అన్నాడు. పెదనాన్నగారు నిండుగా నవ్వి "యెస్, యెస్!" అన్నారు. కుర్రాడు బిక్కచచ్చిపోయాడు. ఆ ప్రశ్న జరుగుతారా అని కాదు, జరగడానికి అభ్యంతరమా అని. ఒప్పుకునేవాళ్ళు "నాటెటాల్" అనాలి, లేదా "ష్యూర్" అని జరిగిపోవాలి. యెస్ అంటే అభ్యంతరమే. నోటితో కాదంటూనే పెదనాన్నగారు పూర్తిగా జరిగి, కుర్రాణ్ణి చెయ్యి పట్టి మేస్టారి కుర్చీలోనే కూలేశారు.

ఇక వడ్డన. మన పంక్తిలో మొదటి 'వద్దు' మొహమాటం, రెండోది మర్యాద, మూడోదానికి గానీ గరిటె వెనక్కి పోదు. ఇంగ్లీషులో ఒక్క "నో, థాంక్యూ"తో ఆ పదార్థం మళ్ళీ మీ వైపు రాదు. తినాలని ఉంటే మొదటిసారే "జస్ట్ ఎ లిటిల్, ప్లీజ్" అనుకోవాలి. కుర్రాడు బొబ్బట్టుకి నిజంగానే "నో, థాంక్యూ" అన్నాడు. పెదనాన్నగారు దాన్ని తెలుగులో విన్నారు. "మొహమాటపడుతున్నాడు, వెయ్యవయ్యా!" మూడు బొబ్బట్లు పడ్డాయి, మీద నెయ్యి, పక్కన నాలుగు బరంపురం అప్పడాలు.

పదిన్నరయింది. క్యాటరింగ్ ఆయన గిన్నెలు సర్దబోతే పెళ్ళికొడుకు తండ్రి అడ్డుపడ్డాడు. "ఆగవయ్యా, మేస్టారు రావాలి. కమింగ్ అని నాతోనే చెప్పారు."

క్యాటరింగ్ ఆయన గంజాం ఒడియా మనిషి, తెలుగు పెళ్ళిళ్ళు చేసి చేసి తలపండినవాడు. "బాబూ, మేం ఇంటికి పోయేటప్పుడు 'ఆసుఛి' అంటాం, వస్తున్నానని. మీరు వెళ్ళొస్తానంటారు చూడండి, అదే. ఆయన దాన్నే ఇంగ్లీషులో అనుంటారు. ఈపాటికి ఇంట్లో పడుకునుంటారు" అన్నాడు. సెలవు తీసుకోడానికి ఇంగ్లీషులో "వి మస్ట్ బి గోయింగ్ నౌ, థాంక్యూ ఫర్ ఇన్వైటింగ్ అజ్" అని వేరే ఉంది గానీ, వెళ్తున్నానని మొహాన చెప్పడానికి ఈ రెండు భాషలవాళ్ళకీ నోరు రాదు.

పెళ్ళికొడుకు తండ్రి ఖాళీగా ఉన్న రెండో విస్తరి వైపు చూసి, "అయితే ఆ రెండూ తీసేసి లెక్క వెయ్యి" అన్నాడు.

"విస్తరి వేశాక లెక్కేనండీ" అని క్యాటరింగ్ ఆయన 412 రాసుకున్నాడు. పెదనాన్నగారు పక్కనుంచి, పరిస్థితి చక్కబెడదామని, "యెస్, యెస్" అన్నారు.