సవరణ: బెర్లిన్ విమానాలు మే 12న ఆగలేదు

1948లో సోవియట్లు పశ్చిమ బెర్లిన్‌కు వెళ్లే రోడ్డు, రైలు దారులు మూసేస్తే, పశ్చిమ దేశాలు నగరానికి విమానాల్లో సరుకు చేరవేశాయి. ఆ బెర్లిన్ దిగ్బంధం మీద ఇంతకుముందు పెట్టిన పోస్టులో "1949 మే 12న దిగ్బంధం ఎత్తేశారు, విమానాలూ ఆ రోజే ఆగాయి, మోసింది ముఖ్యంగా తిండి సరుకే" అని ఉంది. ఇందులో మొదటి ముక్క ఒక్కటే సరైనది.

రోడ్లు, రైళ్లు తెరుచుకున్నా విమానాలు సెప్టెంబరు 30 దాకా తిరిగాయి. సోవియట్లు మళ్లీ దారి మూస్తే తట్టుకునేలా నగరంలో నిల్వలు పెంచుకోవాలన్నది లెక్క.

ఇక సరుకు సంగతి. చేరవేసిన సుమారు 23 లక్షల టన్నుల్లో దాదాపు మూడింట రెండు వంతులు బొగ్గే. దాని దుమ్ము విమానంలోని తీగల్లో, విద్యుత్ పరికరాల్లో చేరి వాటిని తినేసేది. తిండిలోనూ బరువే సమస్య: రొట్టెలో నీటి బరువు ఎక్కువ కాబట్టి పిండి పంపారు, బంగాళాదుంపల్ని ఎండబెట్టి పంపారు.

ఉప్పు మరీ మొండి సరుకు. మామూలు విమానాల్లో కంట్రోల్ కేబుళ్లు (విమానాన్ని అదుపు చేసే తీగలు) లోపలి అడుగు పలకల కిందే ఉంటాయి, ఒలికిన ఉప్పుకు తుప్పు పడతాయి. నీళ్ల మీద దిగే సండర్‌లాండ్ రకం విమానాల్లో అవి పైకప్పు దగ్గర ఉంటాయి, పైగా వాటికి తుప్పు పట్టని రక్షణ ఉంటుంది. అందుకే ఉప్పును వాటితో తెచ్చి బెర్లిన్‌లోని హావెల్ నది నీళ్ల మీద దించారు. చలికాలం మంచు గడ్డకట్టాక ఆ పని హాలిఫాక్స్ రకం విమానాలకు వెళ్లింది. వాటిలో ఉప్పు పొట్ట కింద బిగించిన పెట్టెల్లో వచ్చేది.