పొదుపరుల కుట్రను మొగ్గలోనే తుంచాలి

ఐటీలో ఉద్యోగాలు ఊడుతున్నాయని వార్త వచ్చిన రాత్రి హైదరాబాద్ కొండాపూర్ అపార్ట్‌మెంట్ల ముందు డెలివరీ బళ్లు మామూలు కంటే ఎక్కువే ఆగుతాయి. అది చూసి ఓర్వలేని కొందరు, "వచ్చే నెల జీతం పడుతుందో లేదో తెలీదు, ఇప్పుడెందుకు నాయనా ఈ ఎయిర్ ఫ్రయర్?" అని అడుగుతున్నారు. వాళ్లకు ఆర్థికశాస్త్రం తెలియదని చెప్పడానికి విచారిస్తున్నాను. మన జీడీపీలో దాదాపు 60 శాతం జనం పెట్టే ఖర్చే. "రేపు పొద్దున ఒకసారి మాట్లాడాలి" అని మేనేజరు మెసేజ్ పెడితే, కంటి మీద కునుకు రాక అర్ధరాత్రి మూడో జత బూట్లు ఆర్డర్ చేసినవాడే ఈ దేశాన్ని మోస్తున్నాడు. అతని నిద్ర అతని సొంత విషయం. బూట్లు మాత్రం జాతీయ ఆదాయం.

ఇలాంటి త్యాగమూర్తులకు బ్యాంకులు అండగా ఉన్నాయి. క్రెడిట్ కార్డు బాకీ 50 వేలు ఉందనుకుందాం. మొత్తం కట్టక్కర్లేదు, 5 శాతం, అంటే 2,500 కడితే చాలంటారు. నెలకు మూడున్నర శాతం లెక్కన వడ్డీ 1,750, దాని మీద జీఎస్టీ 315. అసలులో తగ్గేది అక్షరాలా 435 రూపాయలు. పూర్వం ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీ తీసుకునేవాణ్ని జలగ అని తిట్టేవారు. పాపం, వాడు కార్డు కంపెనీల్లా ఎయిర్‌పోర్టు లాంజ్‌లో సోఫా వేసి ఇడ్లీ పెట్టలేకపోయాడు, అదే వాడి తప్పు. ఇక నో కాస్ట్ ఈఎంఐ, అంటే వడ్డీ లేని వాయిదాల సంగతి. సున్నా వడ్డీ అనేదే ఉండదని రిజర్వు బ్యాంకు 2013లోనే చెప్పింది. పండగ పూట అలాంటి అశుభం మాటలు ఎవరికి కావాలి?

ప్రభుత్వం కూడా కుట్రదారుల వైపు మొగ్గుతోందేమోనని నా అనుమానం. ఆన్‌లైన్ అమ్మకాల్లో 13 రకాల మాయ ఎత్తులు కూడవని 2023 నవంబరులో మార్గదర్శకాలు తెచ్చింది. లేని తొందర పుట్టించకూడదట, వద్దన్నవాణ్ని సిగ్గుపడేలా చేయకూడదట. సిగ్గుపెట్టకుండా వ్యాపారం ఎలా సాగుతుంది? చీరల కొట్టులో "అవి మీకొద్దులెండమ్మా, రేటెక్కువ" అన్న తర్వాత ఆ చీర కొనకుండా మెట్లు దిగిన మనిషి ఉందా?

అసలు కుట్ర పద్ధతులు కొన్ని నా దృష్టికి వచ్చాయి. దేశభక్తులు జాగ్రత్తపడాలని చెబుతున్నాను. కొందరు నచ్చిన వస్తువును కార్టులో పడేసి, మర్నాడు సాయంత్రం దాకా ఊరుకుంటున్నారు. అప్పటికి దాని మొహం చూడబుద్ధి కావడం లేదట! ఇంకొందరు యాప్‌లోంచి కార్డు వివరాలు తీసేస్తున్నారు. కొనాలంటే మంచం దిగాలి, పర్సు వెతకాలి, 16 అంకెలు కొట్టాలి. ఆ పనిలో పడి టెన్షన్ కాస్తా తగ్గిపోతే ఇక కొనేదెవరు?

వీటన్నిటినీ మించిన ప్రమాదం ఒకటుంది. "ఆఫీసులో పరిస్థితి బాలేదు" అని ఇంట్లోవాళ్లకు చెప్పేయడం. దీన్ని తక్షణం నిషేధించాలి. ఆ ముక్క చెప్పకుండా ఉండటానికే కదా, పాతది బాగానే పనిచేస్తున్నా 55 అంగుళాల టీవీ ఇంటికొచ్చింది? ఆ టీవీని చూసి, ఆయన ఉద్యోగం గట్టిగానే ఉందని భార్య అనుకుంటుంది. భార్య సంబరం చూసి ఎదురు ఫ్లాటువాళ్లూ అదే అనుకుంటారు, వాళ్లాయన ఉద్యోగం కూడా ఊగుతోంది కాబట్టి వాళ్లు 65 అంగుళాలది తెస్తారు. రెండు కుటుంబాల భయంతో రెండు టీవీలు అమ్ముడయ్యాయి. ఈ ఇద్దరు మగవాళ్లూ ఒక సాయంత్రం పార్కింగ్‌లో నిలబడి నిజం మాట్లాడుకుంటే మార్కెట్ ఏమైపోవాలి? ఒకవేళ పార్సిళ్లు ఆగిపోయినా గుట్టు దాగదు, "అంతా బాగేనా సార్?" అని వాచ్‌మన్ అడుగుతాడు. ఆ ప్రశ్న తప్పించుకోవడానికైనా వారానికొక పెట్టె రావాల్సిందే.

ఈ పొదుపు జాడ్యానికి మూలం వంటింట్లో ఉంది. పోపుల డబ్బాలో, బియ్యం డబ్బాలో, చీర మడతల్లో నోట్లు దాచిన ఇల్లాళ్లే దీన్ని తరతరాలుగా అంటించారు. 2016 నవంబరు 8 రాత్రి 500, 1000 నోట్లు రద్దయ్యాక ఆ డబ్బాల గుట్టు రట్టయి, కుట్ర ముగిసిందనుకున్నాం. ఎక్కడ! ఇప్పుడు చీటీల్లో కడుతున్నారు. ఎంత అడిగినా చీటీ ఎవరిదో, ఎప్పుడు పాడతారో బయటపెట్టడం లేదు.

ఊరటేమిటంటే, ఇలాంటివాళ్లను దారికి తెచ్చే పని మార్కెట్టే మొదలుపెట్టింది. ఖర్చు తగ్గించుకోవడమెలాగో నేర్పే ఆన్‌లైన్ కోర్సులు వచ్చాయి. అసలు ధర 4,999, ఈ రాత్రికి మాత్రం 999, వాయిదాల్లోనూ కట్టొచ్చు. ఖర్చులు రాసుకోవడానికి తోలు అట్ట డైరీ ఉచితం. డెలివరీ చార్జీలు మాత్రం మనవే.